పన్ను తీసే వరకు

మా యారాలి గుండెలో ఒక చప్పుడు ఉంటుంది. ఆమె మా ఆయన తమ్ముడి భార్య; మా వైపు యారాలు అంటాం. పదమూడేళ్ల కింద పట్నంలోని పెద్ద దవాఖానలో ఆమె గుండెకు వాల్వు మార్చారు. అది లోహంతో చేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం పక్కపక్కన నడుం వాల్చినప్పుడు కరెంటు పోయి ఫ్యాను ఆగితే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. మా ఇల్లు తొండుపల్లిలో. విమానం దిగుతున్నంతసేపూ ఆ చప్పుడు వినపడదు. విమానం దాటిపోయాక మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఆగలేదని తెలిసినా, మళ్లీ వినపడేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని ఉంటాను.

లోహపు వాల్వు ఉన్నవాళ్లు రక్తం పలచబడే గోలీ బతికినంత కాలం వేసుకోవాలి. మానేస్తే వాల్వు దగ్గర రక్తం గడ్డ కడుతుంది. ఎక్కువైతే చిగుళ్లలోంచి, ముక్కులోంచి కారుతుంది. అందుకని నెలకోసారి రక్తపరీక్ష. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఆ అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. పదమూడేళ్లకు నూట యాభై ఆరు అంకెలు ఉండాలి నా పుస్తకంలో. నూట నలభై తొమ్మిది ఉన్నాయి. ఏడుసార్లు పరీక్షకు పోలేదు. ఎందుకు పోలేదో ఆ ఏడు చోట్లా రాసి ఉంది.

నేను ఇరవై రెండేళ్లు మా ఊరి పాల కేంద్రంలో లెక్క రాశాను. ఎవరి బర్రె ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఏ పూట. ఆ అలవాటుతోనే ఇంటి పుస్తకం కూడా రాస్తాను. అందులో పేర్ల వారీగా ఏమీ ఉండదు, రోజుల వారీగా ఉంటుంది. ఒకే పేజీలో బర్రె ఈనడం, నా బీపీ, యారాలి రక్తపరీక్ష, గ్యాసు బండ వచ్చిన రోజు. నా వయసు డెబ్బై ఒకటి, ఆమెది అరవై ఆరు. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు, ఆమె ఆయన పోయి ఆరేళ్లు. పొలం విమానాశ్రయం కింద పోయింది. ఇల్లు, కొట్టం, రెండు బర్లు మిగిలాయి. ఇద్దరికీ కలిపి ఒక ఫోను. అది నా దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఆమె ఎక్కడ పెట్టిందో మరిచిపోతుంది.

ఆమె గోలీల డబ్బా కూడా నేనే నింపేదాన్ని. ప్రతి ఆదివారం, ఏడు గదుల్లో ఏడు రోజులకు.

పాత డాక్టరు ఉన్నప్పుడు ఇంత పరేషాన్ లేదు. శంషాబాద్ పాత రోడ్డు మీద ఒకే గది, ఒక బెంచీ, మందు కట్టే ఒక మనిషి. ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఒక్కడే. మనిషికో చీటీ కాదు, ఇంటికో కార్డు రాసేవాడు. కార్డులన్నీ కర్ర సొరుగుల్లో ఊరి వారీగా ఉండేవి. మా కార్డు మీద పేర్లు కూడా ఉండేవి కావు. "పెద్దామె", "చిన్నామె" అని రాసేవాడు. పెద్దామె నేను. గుండె సంగతి ఏదైనా వస్తే ఆయనే వాల్వు వేసిన డాక్టరుకు ఫోను చేసి, మేము బెంచీ మీద ఉండగానే మాట్లాడేవాడు. ఒకసారి కడుపునొప్పికి పోతే, నా నాలుక చూస్తూనే, "ఇంట్ల చిన్నామె గోలీ ఏసుకుంటుందా?" అని అడిగాడు.

మోకాళ్లు అరిగి ఆయన మానుకున్నాడు. ఆ స్థలంలో ఒక కంపెనీ పాలీక్లినిక్ పెట్టింది. నాలుగు గదులు, తలుపుల మీద పలకలు. ఏ రోజు ఏ డాక్టరో పలక మీద చూసుకోవాలి. సోమవారం ఎముకలు, మంగళవారం పిల్లలు, శనివారం గుండె. మిగతా వేళల్లో డ్యూటీ డాక్టరు ఉంటాడు. నేను ఎనిమిదిసార్లు పోతే ఆరుగురిని చూశాను. పాత కార్డులన్నీ కంపెనీ తీసుకుంది. ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇకనుంచి ఫోను నంబరు చెప్తే చాలు, మొత్తం వస్తుందన్నారు. నాకు నచ్చింది. పాత డాక్టరు చేతిరాత ఆయనకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

వానలు మొదలైన వారంలో యారాలికి కింది దవడలో చివరి పన్ను నొప్పి లేచింది. లవంగం పెట్టింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది. మూడో రోజుకు చెంప పూరీలాగా పొంగింది.

"అక్కా, విమానం ఎక్కించి గాలి నింపినట్టున్నది నా మొఖం," అంది.

"నువ్వెప్పుడెక్కినవే విమానం?"

"ఎక్కలె. నెత్తి మీదికెల్లి పోతనే ఉంటయి గద, చూస్తలేనా?"

విమానాశ్రయం పోయే రోడ్డు మీద, అద్దాల భవనంలో పళ్ల దవాఖాన ఉంది. పట్నమంతా దానికి బ్రాంచీలు ఉన్నాయి. మూడు కుర్చీలు, చల్లటి గది. రోజూ ఉండే డాక్టరమ్మ ఒకతే. చిన్న వయసు, మెత్తటి చెయ్యి. ఆమె చూస్తుంది, శుభ్రం చేస్తుంది, రంధ్రం పూడుస్తుంది. కష్టమైన పన్ను తీయడానికి మాత్రం సర్జన్ గురువారం వస్తాడు. ఆమె నోట్లో అద్దం పెట్టి చూసి, వాపుకు మందు రాసి, పన్ను తీయక తప్పదంది. నేను పుస్తకం తెరిచి వాల్వు సంగతి, గోలీ పేరు, కిందటి నెల అంకె చదివి వినిపించాను.

"చాలా మంచి పని చేశారమ్మా, చెప్పి. ఆ గోలీ గురించి వాళ్ల డాక్టరు దగ్గర లెటర్ తీసుకురండి. అది లేకుండా మేము ముట్టుకోలేం," అంది.

వాల్వు వేసిన దవాఖానకు ఫోను చేశాను. ఒకటి నొక్కు, మూడు నొక్కు అని చెప్పి, చివరికి ఇరవై మూడు రోజుల తర్వాతి టోకెన్ ఇచ్చారు. చెంప వాపుతో ఇరవై మూడు రోజులు ఎలా ఉంటుంది? పాలీక్లినిక్‌కు పోయాం. గుండె డాక్టరు వచ్చే శనివారం నిన్ననే అయిపోయింది. బల్ల దగ్గరి అమ్మాయికి అన్నీ చెప్పాను: వాల్వు, గోలీ, పన్ను.

"లెటరేనా అమ్మా? లెటర్‌కు పేషెంట్ లోపలికి రావాల్సిన పని లేదు. ఫోన్ నంబర్ చెప్పండి."

నంబరు చెప్పాను. అమ్మాయి లోపలికి పోయి, నేను అరవై దాకా లెక్కపెట్టేలోగా కాగితంతో బయటికి వచ్చింది. ఇంగ్లీషులో మూడు వరుసలు. నాకు పదో తరగతి దాకా వచ్చిన ఇంగ్లీషు ఉంది. తారీఖు చూశాను, సరిగా ఉంది. ముద్ర చూశాను, పూర్తిగా పడింది. సంతకం ఉంది. పేరు ఉండాల్సిన చోట మా ఫోను నంబరు ఉంది. పన్ను తీయడానికి ముందు ఐదు రోజులు రక్తం పలచబడే గోలీ ఆపవచ్చు అని ఉంది. ఐదు అనే అంకె దిద్దలేదు, కొట్టివేయలేదు. మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను.

పళ్ల దవాఖానలో ఆ లెటర్‌కు జిరాక్స్ తీసుకుని, వచ్చే వారం గురువారం పదకొండు గంటలకు రమ్మన్నారు. బల్ల దగ్గరామె మాకోసం కార్డు వెనుక తెలుగులో రాసిచ్చింది, గుండ్రటి అక్షరాలతో: "శనివారం నుండి, పన్ను తీసే వరకు గోలీ ఆపాలి."

శనివారం డబ్బాలోంచి గోలీలు తీసేశాను. పుస్తకంలో "1" అని రాశాను. ఆదివారం 2, సోమవారం 3, మంగళవారం 4. బుధవారం 5. మర్నాడు సర్జన్ చూస్తాడని ఆ రోజు రక్తపరీక్ష చేయించాం. అంకె 1.3 వచ్చింది. పదమూడేళ్లలో నేను అంత చిన్న అంకె రాయలేదు. రాస్తుంటే పెన్ను ఆగింది. అయినా పన్ను తీయాలంటే తగ్గాలి గదా, తగ్గింది, రేపటితో అయిపోతుంది అనుకున్నాను.

గురువారం పదకొండుకు పోతే సర్జన్ రాలేదు.

"సారీ అమ్మగారూ, సార్ వేరే బ్రాంచిలో ఇరుక్కుపోయారండి. ఆయనొక్కరే ఏడు బ్రాంచిలు చూస్తారు. మీకోసం సోమవారం స్పెషల్‌గా పెట్టించాను."

"మరి గోలీ? మళ్ల ఎయ్యాల్నా?"

"అది మేము చెప్పకూడదండి. లెటర్ ఇచ్చిన డాక్టరు చెప్పాలి."

చిన్న డాక్టరమ్మ ఆ రోజు సెలవు. పాలీక్లినిక్‌కు పోయాను. లెటర్ ఇచ్చిన డాక్టరు వేరే చోటికి పోయాడట. ఆ రోజున్న డాక్టరు, మంచివాడే, లెటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నేను ఇచ్చింది కాదమ్మా. ఎవరు ఆపమన్నారో వాళ్లే మొదలుపెట్టమనాలి. పన్ను ఎప్పుడు తీస్తారో నాకెట్ల తెలుస్తది? పళ్లవాళ్లను అడగండి," అన్నాడు. శనివారం గుండె డాక్టరు వస్తాడు గదా అంటే, ఈ శనివారం రాడని పలక మీద అప్పటికే కాగితం అంటించి ఉంది. పెద్ద దవాఖానకు మళ్లీ ఫోను చేశాను. ఒకటి నొక్కు, మూడు నొక్కు. టోకెన్ తేదీ ముందుకు జరపడం కుదరదట. డాక్టరుతో మాట్లాడాలంటే టోకెన్ ఉండాలట.

ఇంటికి వచ్చి కార్డు మళ్లీ చదివాను. పన్ను తీసే వరకు. పన్ను తీయలేదు. కాబట్టి ఆపాలి. ఆ కాగితం తప్ప నా చేతిలో ఎవరి మాటా లేదు.

శుక్రవారం 7. ఆ రోజు అన్నం తిన్నాక యారాలు నా ముందు చెయ్యి చాపింది.

"అక్కా, ఒక్కటియ్యి."

"ఏందే?"

"గోలీ. ఒగటి గాకుంటె సగం. నాకేందో మంచిగనిపిస్తలేదు."

"మంచిగనిపిస్తలేదంటే ఏమైతుంది? గుండె దడనా? ఆయాసమా?"

"ఏం లేదు. పదమూడేండ్ల సంది పొద్దుగూకంగనే ఏసుకుంటి. ఏడొద్దులాయె. తలుపుకు గొళ్లెం ఎయ్యక పండుకున్నట్టుంటది నాకు."

"ఎయ్యొద్దని రాసిండ్రు. నువ్వు ఇయ్యాల ఏసుకుంటే సోమారం పన్ను దియ్యరు. మళ్ల మొదటికెళ్లి ఐదొద్దులు ఆపాలె. అప్పుడేం జేస్తవ్?"

"పన్ను ఉండనీ తియ్. నువ్వు పాలల్ల నీళ్లు కలిపినోన్ని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నవ్ నన్ను."

నాకు కోపం వచ్చింది. ఆమె ఎప్పుడూ అంతే. నొప్పి వస్తే ఒకటికి రెండు గోలీలు మింగుతుంది, తగ్గితే మానేస్తుంది. గోలీల పట్టీ నేను ఎప్పుడూ ఉంచే బియ్యం డబ్బాలోంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. ఆమె చూస్తుండగానే.

ఆ మధ్యాహ్నం ఆమె పడుకున్నాక ఫ్యాను ఆపి, పక్కన కూర్చుని విన్నాను. టిక్కు టిక్కు. మామూలుగానే ఉంది. అది ఉంది కాబట్టి అంతా సరిగానే ఉందనుకున్నాను. చెవిపెట్టి వింటే తెలిసే సంగతి కాదది అని నాకెవరు చెప్తారు!

సోమవారం 10. సర్జన్ వచ్చాడు. చేతులకు తొడుగులు వేసుకుని, మా రక్తపరీక్ష కాగితం అడిగాడు. బుధవారంది ఇచ్చాను. ఇది పాతదైంది, ఇరవై నాలుగు గంటల లోపలిది కావాలన్నాడు. కింద ల్యాబులో రక్తం ఇచ్చాం. ఆ రక్తం బండి మీద పట్నం పోతుందట. కాగితం సాయంత్రం వస్తుంది. సర్జన్ ఒంటిగంటకు ఇంకో బ్రాంచికి పోతాడు. యారాలు అప్పటికే కుర్చీలో పడుకుని, మెడకు గుడ్డ కట్టించుకుని, నోరు తెరిచి ఉంది. "ఇగ మూసుకోవాల్నా సారూ?" అని అడిగింది. ఆయన కూడా నవ్వాడు.

"పదిరోజులుగ గోలీ బంద్ ఉన్నది సారూ," అన్నాను.

"లెటర్ ఉంది కదమ్మా," అని తొడుగులు విప్పాడు. "గురువారం ఫస్ట్ మీదే."

ఎవరూ కసురుకోలేదు. నేను ఎవరినీ తిట్టలేకపోవడానికి అదొక కారణం. ప్రతి బల్ల దగ్గరా మర్యాదగా మాట్లాడారు, కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు. ఎవరి పని వాళ్లు సరిగానే చేశారు. ఆ పనుల మధ్యన ఉన్నది మాత్రం ఎవరి పనీ కాదు.

మంగళవారం పెద్ద బర్రెకు పొదుగు వాచింది. ఫోను చేస్తే సర్కారు పశువుల డాక్టరు పదింటికల్లా బండి మీద వచ్చాడు. మండలమంతటికీ ఆయనొక్కడే. అన్ని పశువులకూ చెవికి పసుపు బిళ్ళ ఉంటుంది, దాని మీద పన్నెండు అంకెలు. ఆయన ఆ అంకెలు ఫోనులో కొట్టి చూస్తూ, "మూడో ఈత. కిందటేడు కూడా ఇదే రొమ్ము వాచింది. గాలికుంటు టీకా పడ్డది. అప్పుడు ఇచ్చిన సూది దీనికి పడలె, దద్దుర్లొచ్చినయి. ఇంకోటి ఇద్దాం," అన్నాడు. ఆ సూది ఇచ్చింది ఈయన కాదు, ఈయనకు ముందు పనిచేసిన డాక్టరు.

యారాలు బర్రె తల పట్టుకుని నిలబడి ఉంది. "సారూ, నాకు గూడ చెవికి గసొంటి బిళ్ళ కొట్టు. మా అక్క కొంగువట్టుకొని తిరుగుడు తప్పుతది," అంది.

ఆయన నవ్వి, ఏమైందని అడిగాడు. ఆమె చెంప చూపించింది. నేను పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"అమ్మా, నేను పశువుల డాక్టర్ని. మనిషికి ఒక్క గోలీ చెప్పినా నా నౌకరీ పోతది."

"చెప్పకు సారూ. జర చదువు."

ఆయన నిలబడి మొదలుపెట్టి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని చదివాడు. మూడు పేజీలు. బర్రె సంగతి, గ్యాసు బండ, 1.3, అన్నీ. ఆ పదకొండు రోజుల్లో దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఆయనొక్కడే.

"వాల్వు ఉన్నామెకు పదకొండు రోజులు బందా?" అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "గోలీ సంగతి నేను మాట్లాడ. కానీ టోకెన్ల కోసం చూడకుండ్రి. పెద్ద దవాఖానల క్యాజువాలిటీ దర్వాజ ఉంటది, అంబులెన్సులు ఆగే కాడ. ఆడ టోకెన్ అడగరు, లెటర్ అడగరు. ఇయ్యాలనే పోండ్రి."

అలాంటి తలుపు ఒకటి ఉందని నాకు తెలియక కాదు. అది ప్రాణం మీదికి వచ్చినవాళ్లకనుకున్నాను. మాకు ప్రాణం మీదికి రాలేదు గదా, పన్నే గదా.

"ఇయ్యాల ఎట్ల సారూ? పొద్దుమీకి పాలెవరు పిండుతరు? వాసిన రొమ్ము, అక్క చెయ్యి పడనియ్యది ఇది," అంది యారాలు.

ఆ రొమ్ములో పాలు పూటపూటా పూర్తిగా పిండేయాలని ఆయనే చెప్పి ఉన్నాడు. ఆయన ఒకసారి బర్రెను చూశాడు, ఒకసారి ఆమెను చూశాడు. "మీ ఇష్టం. నేనైతే ఇయ్యాలనే పోత," అని బండి ఎక్కాడు.

నేను పుస్తకంలో రాశాను: "రేపు ఉదయం పాలు పిండాక, ఎనిమిది గంటలకు, క్యాజువాలిటీ." కింద గీత కూడా గీశాను.

బుధవారం 12. ఏడు కావడానికి పది నిమిషాలున్నాయి. నేను కొట్టం గుమ్మంలో నిలబడి ఉన్నాను. బకెట్‌లో పాల ధార చప్పుడు రెండు చేతులదీ ఒకదాని తర్వాత ఒకటి పడుతుండగా, ఒక చేతిది ఆగిపోయింది. చూస్తే కుడి చెయ్యి పిండుతూనే ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది.

"ఏందే, చెయ్యి వట్టిందా?"

ఆమె నా వైపు తిరిగింది. నోరు ఒక పక్కకు పోయింది. ఏదో అంది. అక్కా అనే అయి ఉంటుంది, మాట జావలా జారింది. తర్వాత మెల్లగా పక్కకు ఒరిగింది. ఆమె కోడలుగా వచ్చిన నలభై నాలుగేళ్లలో మా కొట్టంలో ఏ బర్రే మనిషిని తొక్కలేదు. అదీ కదల్లేదు.

ఎదురింటి ఆటో ఆయన అప్పుడే బండి కడుగుతున్నాడు. కేక వేస్తే చెంబు పారేసి పరుగెత్తుకొచ్చి, ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. "పరేషాన్ గాకు అమ్మా, నడుము గట్టిగ పట్టుకో, నేను చూస్త," అన్నాడు. దారంతా హారన్ మీదినుంచి చెయ్యి తీయలేదు. నేను ఆమె తల నా రొమ్ముకు ఆనించుకున్నాను. గాలిలో, హారన్‌లో ఆ టిక్కు వినిపించలేదు. కొంగుకు కట్టిన తాళంచెవి ఆమె చెంపకు గుచ్చుకుంటుంటే అటు తిప్పుకున్నాను.

క్యాజువాలిటీ తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎవరూ టోకెన్ అడగలేదు. ఒకేసారి నలుగురు వచ్చారు. స్కాన్, సూది, రక్తం. మెదడుకు పోయే నరంలో గడ్డ అడ్డం పడిందన్నారు. గంట తర్వాత ఒక డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కాగితాలన్నీ ఇచ్చాను.

ఆమె లెటర్ చదివి, తల ఎత్తి, మళ్లీ చదివింది.

"అమ్మా, ఈ లెటర్ ఎవరిది? లోపలున్నామె వయసు అరవై ఆరు అన్నారు కదా? దీంట్లో డెబ్బై ఒకటి ఉంది. బీపీ ఉందని, ఆస్ప్రిన్ వాడుతున్నారని పొట్టి అక్షరాల్లో రాశారు. వాల్వు మాటే లేదు."

పై మూలలో చిన్న అక్షరాలతో 71. నాకు బీపీ ఉంది. పాత డాక్టరు నాకు పొద్దున పూట ఒక చిన్న ఆస్ప్రిన్ గోలీ పెట్టాడు, అదీ రక్తం పలచబడడానికే. ఒక ఇల్లు, ఒక కార్డు, ఒక ఫోను. ఆ నంబరు కొడితే పెద్దామె వచ్చింది. చిన్నామె రాలేదు. ఇన్ని రోజులూ ఆ కాగితం నా పుస్తకంలోనే ఉంది. తారీఖు చూశాను, ముద్ర చూశాను, ఐదు చూశాను. వయసు చూడలేదు. లోకంలో అందరికన్నా బాగా నాకు తెలిసిన అంకె అది.

"గోలీ ఆపింది ఎవరమ్మా?" అని ఆమె అడిగింది. కసిరినట్టు కాదు. చీటీ మీద రాసుకోవడానికి పెన్ను పట్టుకుని అడిగింది.

పళ్ల దవాఖాన పేరు చెప్పొచ్చు. పాలీక్లినిక్ పేరు చెప్పొచ్చు. కార్డు వెనుక రాసినామె ఉంది. కానీ వాళ్లెవరూ మా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టలేదు.

"నేనే," అన్నాను.

ఆమె రాసుకుంది.

యారాలు పదిహేడు రోజులు దవాఖానలో ఉంది. మాట వచ్చింది, కొంచెం నెమ్మదిగా. నోరు దాదాపు సరిగానే అయింది. ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తుంది, వేళ్లు మాత్రం ముడుచుకోవు. గుండె డాక్టరు నాలుగో రోజు వచ్చినప్పుడు నేను పన్ను సంగతి అడిగాను.

"ఇప్పుడు కాదు, ఆరు నెలలు పోనివ్వండి. తీసేటప్పుడు ఇక్కడే, గోలీ ఆపకుండానే తీయిస్తాం. ఒక పన్నుకు ఇది ఆపాల్సిన పనే లేదమ్మా," అన్నాడు.

ఆ వాక్యం కూడా తారీఖు వేసి రాసుకున్నాను. దాని కింద గీత గీయలేదు.

పన్ను ఇంకా ఆమె నోట్లోనే ఉంది. మందులకు వాపు తగ్గింది, ఆ పక్క నమలదు. చిన్న బర్రెను కందుకూరులో ఉండే మా బిడ్డ వాళ్లకు ఇచ్చేశాం. పెద్దదాని పాలు నేను పిండుతాను. ఆమె పీట వేసుకుని పక్కన కూర్చుని దానితో మాట్లాడితే తప్ప అది పాలు చేపదు. "ఇయ్యే, ఇయ్యి. అక్కకు చాతగాదు, అయినా ఇయ్యి," అంటుంది. పశువుల డాక్టరు రెండోసారి వచ్చినప్పుడు ఆమె చెయ్యి చూశాడు. బర్రెకు సూది వేసి పోయాడు.

పాలీక్లినిక్‌కు పోయి, మేమిద్దరం వేరువేరు మనుషులమని చెప్పాను. అయ్యో అన్నారు. రెండో మనిషిని చేర్చాలంటే రెండో ఫోను నంబరు కావాలన్నారు. కొన్నాం. అది ఆమె ఎక్కడ పెట్టిందో రోజుకు రెండుసార్లు నేను మోగించి వెతుకుతాను.

దవాఖాన నుంచి వచ్చిన మొదటి ఆదివారం నేను మామూలుగా గోలీల డబ్బా, పట్టీ ముందర పెట్టుకుని కూర్చున్నాను. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గది ఇటియ్యక్కా."

"ఒక్క చేత్తోని ఎట్ల తీస్తవే? నేను ఎయ్యనా?"

"ఇటియ్యి అంటున్న."

ఇచ్చాను. తాళంచెవి కూడా అడుగుతుందేమోనని కొంగు ముడి విప్పి పెట్టాను. అది అడగలేదు. పట్టీని మోకాలి కింద అదిమిపెట్టి, కుడి బొటనవేలితో ఒక్కో గోలీ నొక్కి తీసింది. రెండు ఎగిరి మంచం కిందికి పోయాయి. నేను వంగబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తనే పాక్కుంటూ పోయి తెచ్చుకుంది. ఏడు గదులు నిండడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. సోమవారం గదిలో రెండు పడ్డాయి, శుక్రవారం ఖాళీగా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.

మూత పెట్టబోయి ఆగింది. ఒక్కో గది మీద వేలు పెట్టుకుంటూ మొదటినుంచి లెక్కపెట్టింది. సోమవారంలోంచి ఒకటి తీసి శుక్రవారంలో వేసింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమే నింపుతుంది. నేను ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.